వార్డుకు ఎన్ని పడకలు కావాలి? సంభావ్యతతో లెక్క కట్టే పద్ధతి

ఎనిమిది పడకలున్న ఒక ఐసీయూలో నెల మొత్తం మీద రోజుకు సగటున ఆరు పడకలు మాత్రమే నిండాయని నెలవారీ నివేదికలో ఉంటే, చదివినవారికి ఇంకా రెండు పడకల వెసులుబాటు ఉన్నదనే అనిపిస్తుంది. అదే నెలలో ఆ ఐసీయూ కోసం వచ్చిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరిని పడక లేదని చెప్పి మరో ఆసుపత్రికి రిఫర్ చేసి ఉండవచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవు. ఎలా కాగలవో లెక్కతో చూపడానికి, రిజిస్టర్లూ ఒక ఎక్సెల్ షీటూ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా ఆ లెక్కను ఎలా చేసుకోవచ్చో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణల్లో వాడిన అంకెలు లెక్క తెలియడం కోసం అనుకున్నవి. మీ అంకెలు మీ రిజిస్టర్లలోనే ఉన్నాయి.

రిజిస్టర్ల నుంచి ఏమి తీసుకోవాలి

ముఖ్యంగా కావలసినవి రెండు సంఖ్యలు. రోజుకు సగటున ఎంతమందికి పడక అవసరమవుతున్నది, పడక ఎక్కిన రోగి సగటున ఎన్ని రోజులు దానిపై ఉంటున్నాడు. వానాకాలపు జ్వరాలు, వేసవి, పండుగలు అన్నీ లెక్కలోకి రావాలంటే కనీసం ఒక పూర్తి సంవత్సరపు వివరాలు తీసుకోవాలి.

మొదటి సంఖ్య దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉండేది పడక దొరికినవారి సంఖ్య మాత్రమే, పడక కావలసి వచ్చినవారి సంఖ్య కాదు. పడక లేక క్యాజువాలిటీ నుంచే పంపించివేసిన వారి పేర్లు అందులో ఉండవు. నేను గణాంకాల పనిలో చేరిన తొలి రోజుల్లో ఒక ఆసుపత్రి జ్వరాల వార్డులో, రోజూ అర్ధరాత్రి వేళ రోగులను లెక్కించి రాసే పుస్తకం చూస్తున్నప్పుడు, వరుసగా పది రోజులు 30 పడకలు, 30 మంది రోగులు అని రాసి ఉండటం గమనించాను. పేజీ అంచున పెన్సిల్‌తో చిన్నగా 4, 6, 5 అని వేరే అంకెలు ఉన్నాయి. అవేమిటని రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సును అడిగితే, కింద చాపల మీద ఉన్నవారి సంఖ్య అనీ, ఫారంలో వారికి గడి లేదు కనుక మరిచిపోకుండా పక్కన వేసుకున్నాననీ చెప్పింది. ఆ వార్డుకు సంబంధించిన అసలు సమాచారమంతా ఆ పెన్సిల్ అంకెల్లోనే ఉన్నది. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే క్యాజువాలిటీలో ఒక పుస్తకం పెట్టించి, పడక లేక పంపినవారు, నేల మీదా ట్రాలీ మీదా ఉంచినవారు, వేరే వార్డులో సర్దినవారు అనే మూడు వివరాలను తేదీ, వేళలతో రాయించండి. మూడు నెలలు రాస్తే చాలు, మీ రిజిస్టర్ ఎంత తక్కువ చూపిస్తున్నదో తెలిసిపోతుంది.

రెండో సంఖ్య విషయంలో మధ్యగతం (వరుసగా పేర్చినప్పుడు నడుమన ఉండే విలువ) కాకుండా సగటునే తీసుకోవాలి. పదిమంది రోగులు వరుసగా 2, 2, 3, 3, 3, 3, 4, 4, 5, 11 రోజులు ఉన్నారనుకుందాం. మధ్యగతం 3 రోజులు, సగటు 4 రోజులు. మామూలుగా మూడు రోజుల్లో పంపిస్తామని డాక్టరు గారు చెప్పేది అబద్ధం కాదు, కానీ పడకల లెక్కకు ఆ మూడు పనికిరాదు. పదకొండు రోజులున్న ఆ ఒక్క రోగి మొత్తం 40 పడక రోజుల్లో 11, అంటే నాలుగో వంతుకు మించి వాడుకున్నాడు. ఇదే కారణం వల్ల, ఒక రోజు వార్డులోకి వెళ్లి పడకల మీద ఉన్నవారిని చూసి సగటు కట్టకూడదు. ఎక్కువ కాలం ఉండేవారే ఏ రోజు చూసినా కంటికి కనిపిస్తారు కనుక ఆ సగటు అసలుకంటే పెద్దదిగా వస్తుంది. డిశ్చార్జి అయినవారు, వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయినవారు, చనిపోయినవారు, పై ఆసుపత్రికి రిఫర్ అయినవారు, అందరి కేస్ షీట్లూ కలిపి, వీలైతే రోజుల్లో కాక గంటల్లో లెక్కించండి.

మొదటి గుణకారం

జనరల్ మెడిసిన్ వార్డుకు రోజుకు సగటున 6 మంది వస్తున్నారు, ఒక్కొక్కరు సగటున 4 రోజులు ఉంటున్నారు అనుకుంటే, ఏ సమయంలోనైనా సగటున 6 × 4 = 24 మందికి పడక అవసరం. ఇది చూడటానికి చిన్న గుణకారమే అయినా, ఎంత విస్తృతమైన పరిస్థితుల్లో నిజమవుతుందో జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించాడు. ఈ 24ను భారం అందాం.

24 మందికి 24 పడకలు వేస్తే సరిపోతుందని అనుకోవడమే పడకల ప్రణాళికల్లో నేను తరచుగా చూసిన తప్పు. సగటు 24 అంటే కొన్ని రోజులు 18 మంది, కొన్ని రోజులు 31 మంది ఉంటారని అర్థం. 18 మంది ఉన్న రోజున మిగిలిన ఆరు పడకలను దాచిపెట్టి, 31 మంది ఉన్న రోజున తీసి వేయలేము. ఖాళీ పడక ఆ రోజుతోనే పోతుంది, పడక దొరకని రోగి మాత్రం ఆ రోజే ఎదురుగా నిలబడతాడు. అందువల్ల సగటుతో పాటు ఒడుదొడుకులు ఎంత అన్నది కూడా తెలియాలి, సంభావ్యత అవసరం అక్కడే వస్తుంది.

ఒడుదొడుకుల కొలత

ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలో సంఖ్యాశాస్త్రం చదివినవారికి పాయిజాన్ విభాజనం (సగటు తెలిస్తే, ఏ సంఖ్య ఎంత సంభావ్యతతో వస్తుందో చెప్పే సూత్రం) గుర్తుండే ఉంటుంది. ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లో ప్రచురించిన పుస్తకంలో ఇది కనిపిస్తుంది. లక్షల మంది జనాభాలో ఒక్కొక్కరికి ఈ రోజే జబ్బు చేసి ఆసుపత్రికి వచ్చే అవకాశం అతి స్వల్పం, ఒకరి రాకకు మరొకరి రాకతో సంబంధం లేదు అనుకున్నప్పుడు, రోజువారీ రాకలు ఈ విభాజనాన్ని అనుసరిస్తాయి. పడకల కొరత లేదనుకుని లెక్కిస్తే, ఏ క్షణాన పడక అవసరమైనవారి సంఖ్య కూడా పాయిజాన్ విభాజనంలోనే ఉంటుంది, దాని సగటు మన భారమే. రోగులు కొందరు రెండు రోజులు, కొందరు ఇరవై రోజులు ఉన్నా ఈ ఫలితం మారదు. సగటు ఒక్కటి సరిగా తెలిస్తే చాలు. ఆ సగటు గురించి పైన అంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

పాయిజాన్‌లో సగటు, విస్తృతి (వేరియన్స్, అంటే సగటు నుంచి ఉండే తేడాల వర్గాల సగటు) రెండూ సమానం. విస్తృతి వర్గమూలాన్ని క్రమ విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) అంటారు, భారం 24 అయితే అది 24 వర్గమూలం, అంటే సుమారు 4.9. నూటికి 95 రోజులు సరిపోయేలా పడకలు కావాలంటే భారానికి క్రమ విచలనం 1.65 రెట్లు కలపాలి. 24 + 8 = 32 పడకలు వస్తాయి. ఎక్సెల్‌లో పాయిజాన్ డిస్ట్ ఫంక్షన్‌కు పడకల సంఖ్య, భారం, చివర ట్రూ అని ఇచ్చి, వచ్చిన విలువను 1 నుంచి తీసివేస్తే కొరత సంభావ్యత నేరుగా వస్తుంది. ఈ వార్డుకు ఆ లెక్క ఇలా ఉంటుంది. 24 పడకలే ఉంటే నూటికి సుమారు 45 రోజులు కొరత, 28 ఉంటే 18 రోజులు, 32 ఉంటే 5 రోజుల లోపు, 36 ఉంటే ఒక్క రోజు కూడా నిండదు. మొదటి నాలుగు అదనపు పడకలు నూటికి 27 కొరత రోజులను తగ్గించాయి, చివరి నాలుగు పడకలు నాలుగింటినే తగ్గించాయి. సూపరింటెండెంట్ ముందు పెట్టవలసింది ఈ నాలుగు వరుసలే. ఏ వరుస దగ్గర ఆగాలన్నది గణితం చెప్పదు. నూటికి ఐదు రోజుల కొరత అంటే సంవత్సరానికి 17, 18 రోజులు. ఆ రోజుల్లో వచ్చే రోగులను ఎక్కడ ఉంచాలో సమాధానం ఉన్న ఆసుపత్రికి అది సరిపోవచ్చు, చుట్టుపక్కల నలభై కిలోమీటర్ల లోపు మరో ఆసుపత్రి లేనిచోట సరిపోదు.

ఐసీయూకు వేరే సూత్రం

జనరల్ వార్డులో పడక లేకపోతే మరో మంచం వేస్తారు, చాప పరుస్తారు, ఏదో ఒక సర్దుబాటు జరుగుతుంది. వెంటిలేటర్‌కు ఆ సర్దుబాటు లేదు. పడక లేదంటే రోగి బయటికి వెళ్లవలసిందే. సరిగ్గా ఇలాంటి ప్రశ్నకు కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో సమాధానం కనుక్కున్నాడు. లైన్లన్నీ నిండి ఉన్నప్పుడు ఎంత శాతం కాల్స్ కలవకుండా పోతాయన్నది అతని ప్రశ్న. లైను స్థానంలో పడకను, కాల్ స్థానంలో రోగిని పెడితే అదే సూత్రం మనకు పనికివస్తుంది.

సూత్రం ముఖం చూసి భయపడనక్కరలేదు, ఎక్సెల్‌లో ఒక్క నిలువు వరుస చాలు. మొదటి గడిలో 1 వేయండి. తరువాతి ప్రతి వరుసలోనూ పై గడిలోని విలువను భారంతో గుణించండి. వచ్చిన లబ్ధాన్ని, అదే లబ్ధానికి ఆ వరుస పడక సంఖ్యను కలిపిన మొత్తంతో భాగించండి. ఐసీయూకు రోజుకు ఇద్దరు వస్తూ సగటున 4 రోజులు ఉంటే భారం 8. ఒకటో పడక వరుసలో 8ని 9తో భాగిస్తే 0.889. రెండో వరుసలో 8 × 0.889 = 7.11, దాన్ని 9.11తో భాగిస్తే 0.78. ఇలా కిందికి లాగుతూ పోతే ఎనిమిదో వరుసలో 0.236, పదో వరుసలో 0.122, పన్నెండో వరుసలో 0.051, పద్నాలుగో వరుసలో 0.017 వస్తాయి. ఆయా సంఖ్యలో పడకలుంటే, వచ్చినవారిలో ఎంత వంతు మందిని తిప్పిపంపవలసి వస్తుందో ఇవి చెబుతాయి.

మొదట చెప్పిన ఐసీయూ దగ్గరికి ఇప్పుడు వద్దాం. భారం 8, పడకలు 8. నూటికి 23.6 మంది వెనక్కి వెళ్లిపోతారు కనుక లోపల ఉండేది సగటున 8 × 0.764, అంటే 6.1 మంది. ఆక్యుపెన్సీ, అంటే మొత్తం పడకల్లో సగటున నిండి ఉన్నవాటి వంతు, 76 శాతం. నివేదిక చదివినవారు ఇంకా పడకలు ఎందుకని అడుగుతారు, ఆ 76 శాతం వచ్చిందే రోగులను తిప్పిపంపడం వల్ల. ఈ ఒక్క లెక్కను అర్థం చేసుకుంటే ఐసీయూ చర్చల తీరే మారుతుందని నా గట్టి నమ్మకం. తిప్పిపంపేవారిని నూటికి ఐదుగురికి తగ్గించాలంటే 12 పడకలు కావాలి, అప్పుడు ఆక్యుపెన్సీ 63 శాతానికి దిగుతుంది. ఆ మిగిలిన 37 శాతాన్ని వృథాగా లెక్కకట్టకూడదు. రాత్రి రెండు గంటలకు వచ్చే రోగికి పడక దొరకడం దానివల్లే సాధ్యమవుతుంది.

ఆసుపత్రుల సమావేశాల్లో తరచుగా వినిపించే 85 శాతం నియమాన్ని ఈ వెలుగులో చూడాలి. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సిమ్యులేషన్ (కంప్యూటర్‌పై నమూనా ఆసుపత్రిని నడిపి చూసే) అధ్యయనం, సగటు ఆక్యుపెన్సీ 85 శాతం దాటితే ముప్పు కనిపించడం మొదలవుతుందనీ, 90కి చేరితే తరచుగా పడకల కొరత, అప్పుడప్పుడూ సంక్షోభాలు వస్తాయనీ చూపించింది. అది ఒక పెద్ద ఆసుపత్రి మొత్తానికి సంబంధించిన లెక్క. దాన్ని ఎనిమిది పడకల ఐసీయూకు లక్ష్యంగా పెడితే ప్రమాదం. ఒడుదొడుకులు వర్గమూలం చొప్పున పెరుగుతాయి కనుక, పెద్ద విభాగం తక్కువ మిగులుతో నెట్టుకురాగలదు. భారం 200 ఉన్నచోట సుమారు 224 పడకలతో, అంటే 89 శాతం ఆక్యుపెన్సీతో నూటికి 95 రోజుల భరోసా వస్తుంది. భారం 24 ఉన్న వార్డులో అదే భరోసా 75 శాతం దగ్గరే వస్తుంది.

విభాగాలను కలపడం వల్ల లాభం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. మెడికల్ ఐసీయూ, సర్జికల్ ఐసీయూ వేర్వేరుగా ఒక్కొక్కటి ఆరు పడకలతో, చెరి 4 భారంతో నడుస్తున్నాయనుకోండి. ఒక్కొక్కదానిలో నూటికి 11.7 మంది వెనక్కి వెళతారు. ఆ పన్నెండు పడకలనే ఉమ్మడిగా వాడితే 5.1 మంది మాత్రమే వెళతారు. కొత్తగా ఒక్క పడక కూడా కొనకుండా సగానికి పైగా తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ భయం, నర్సుల శిక్షణ వంటి కారణాలతో అన్నింటినీ కలపలేకపోవచ్చు. అలాంటప్పుడు రెండు వైపులా వాడగలిగే రెండు మూడు పడకలను ఉమ్మడిగా ఉంచినా లాభంలో కొంత దక్కుతుంది.

ఈ నమూనా ఎక్కడ తప్పుతుంది

రాకలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అన్న ఊహ మీద ఇదంతా నిలబడి ఉన్నది. ఆ ఊహ సడలే చోట్లు మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగాయి. ముందుగా నిర్ణయించుకునే సిజేరియన్లకు చాలా కుటుంబాలు ముహూర్తం చూసుకుంటాయి, అమావాస్య వద్దంటాయి. మంచి రోజున ప్రసూతి వార్డు కిక్కిరిసి, ముందు వెనుక రోజుల్లో పలచబడుతుంది. మంగళవారం బాలింతను ఇంటికి తీసుకువెళ్లబోమనే కుటుంబాల వల్ల డిశ్చార్జీలు కూడా వాయిదా పడతాయి. అలాంటి వార్డుకు పాయిజాన్‌ను యథాతథంగా వాడితే కొరత తక్కువగా కనిపిస్తుంది. ముందుగా తెలిసిన సిజేరియన్లనూ ఆపరేషన్లనూ థియేటర్ జాబితా నుంచి విడిగా లెక్కించి, నొప్పులతో వచ్చేవారికీ అత్యవసర కేసులకూ మాత్రమే సంభావ్యతను వర్తింపజేయాలి.

మీ రాకలు పాయిజాన్‌కు దగ్గరగా ఉన్నాయో లేదో చూడటానికి పరీక్ష తేలిక. ఒకే కాలానికి చెందిన రోజువారీ రాకల సగటును, విస్తృతిని కట్టి, విస్తృతిని సగటుతో భాగించండి. ఒకటికి దగ్గరగా వస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. ఒకటిన్నర వస్తే క్రమ విచలనాన్ని ఒకటిన్నర వర్గమూలంతో గుణించండి. మన వార్డులో 4.9 కాస్తా 6 అవుతుంది, 32 పడకలు 34 అవుతాయి. ఇలా చేస్తే నిజానికి అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే వస్తుంది, ఆ వైపు తప్పడం మేలు. నిష్పత్తి రెండు, మూడు దాటితే మాత్రం కారణం వెతకాలి. సోమవారాల రద్దీయో, వానాకాలపు నెలలను వేసవి నెలలతో కలిపేయడమో బయటపడుతుంది. ఒక విందులో ఆహారం వికటించి ఒకే పూట నలభై మంది రావడం వంటి ఘటనలనూ, 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో ఉధృతి వంటి విపత్తులనూ ఈ లెక్కలో ఇరికించకండి. రాకలు రోజురోజుకూ ఎగబాకుతున్నప్పుడు స్థిరమైన సగటు అన్నదే ఉండదు, వాటికి విడిగా అత్యవసర ప్రణాళిక ఉండాలి.

వానాకాలానికి విడి లెక్క

జ్వరాల వార్డుకు సంవత్సరపు సగటుతో పడకలు వేయడం అన్యాయం. మామూలు నెలల్లో రోజుకు ఆరుగురు వచ్చే వార్డుకు, డెంగీ, మలేరియా, విషజ్వరాలు పెరిగే ఆగస్టు నుంచి నవంబరు వరకు తొమ్మిది మంది వస్తే భారం 36 అవుతుంది. 32 పడకలతో నూటికి 71 రోజులు కొరతే. 95 రోజుల భరోసాకు 46 పడకలు కావాలి. ఆ పద్నాలుగు పడకలను ఏడాది పొడవునా ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. ఏ వార్డు నుంచి తాత్కాలికంగా తీసుకుంటారో, నర్సులు, ఆక్సిజన్ పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయో జూన్‌లోనే కాగితం మీద రాసుకోవాలి. నర్సు లేని పడకను ఈ లెక్కలో పడకగా చేర్చకూడదు.

పడకలు పెంచలేనప్పుడు భారాన్ని తగ్గించే దారి చూడాలి. సగటు ఉండే కాలం 4 రోజుల నుంచి మూడున్నరకు తగ్గితే భారం 31.5 అవుతుంది, 46 పడకల బదులు 41 సరిపోతాయి. రోగిని తొందరపెట్టి పంపమని దీని అర్థం కాదు. ఉదయం 10 గంటల రౌండ్స్‌లో డాక్టరు డిశ్చార్జి రాసిన తరువాత ఒక పడకను గమనిస్తూ కూర్చోండి. మధ్యాహ్నానికి సమ్మరీ టైపు అవుతుంది, తరువాత బిల్లు, ఆరోగ్యశ్రీ లేదా బీమా కాగితాలు, ఆపైన ఊరి నుంచి బండి రావాలి. రోగి బట్టలు సర్దుకుని పడక మీదే కూర్చుని ఉంటాడు, అతని కోసం కాకపోయినా ఆ పడక సాయంత్రం 5 వరకు నిండే ఉంటుంది. రోజుకు తొమ్మిది డిశ్చార్జీలు, ఒక్కొక్కదానికి ఏడు గంటలు, అంటే 63 పడక గంటలు. 24తో భాగిస్తే 2.6 పడకలు. డిశ్చార్జి అయినవారు కూర్చోవడానికి కుర్చీలు, ఫ్యాను, మంచినీళ్లు ఉన్న ఒక గది ఇస్తే ఆ రెండున్నర పడకలు తిరిగి వస్తాయి. ఈ రద్దీ అర్ధరాత్రి లెక్కలో కనిపించదు. కాబట్టి కొన్ని వారాల పాటు మధ్యాహ్నం 12 గంటలకు కూడా పడకలు లెక్కించి చూడండి.

పాత సంవత్సరంతో సరిచూడటం

తయారైన నమూనాను నమ్మే ముందు గడిచిన సంవత్సరం మీద పరీక్షించండి. గత ఏడాది జనవరి నుంచి జూన్ వరకు ఉన్న వివరాలతో రాకల సగటు, ఉండే కాలం కట్టి, మీ ప్రస్తుత పడకలతో ఎన్ని రోజులు కొరత ఉండాలో లెక్కించి, అదే ఆరు నెలల్లో నిజంగా ఎన్ని రోజులు నేల మీద రోగులు ఉన్నారో పక్కన రాయండి. నమూనా 9 రోజులంటే నిజంగా 12 ఉంటే పరవాలేదు. 9 అన్నచోట 40 కనిపిస్తే నమూనాను సాగదీసి సరిపెట్టకుండా, రిజిస్టర్ దగ్గరికే తిరిగి వెళ్లండి. నా అనుభవంలో ఎక్కువసార్లు తిప్పిపంపినవారిని లెక్కించకపోవడమో, పడకల సంఖ్యలో విరిగిన మంచాలను కలపడమో బయటపడింది. సరిచూసిన షీటులో తేదీ, వాడిన సగటులు, లెక్క కట్టినవారి పేరు పైన రాసి పెట్టి, ప్రతి జూన్ మొదటి వారంలో కొత్త అంకెలతో మళ్లీ లెక్కించి, పాత వరుసను చెరపకుండా దాని కిందే కొత్త వరుస రాయండి.